మందం నీళ్ళు

కుక్కరు మూడు విజిళ్ళు వేసేసరికి కందిపప్పు మెత్తగా ఉడికిపోతే నాకు ఆయన గుర్తొస్తాడు. ఇందులో పొగడ్తేమీ లేదు. ఆయన ఇంట్లో అద్దెకున్నన్నాళ్ళూ మా పప్పు ఉడికిన పాపాన పోలేదు. విజిళ్ళు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. స్నానం, పూజ, జడ అన్నీ అయ్యాక ఇక చాల్లే అని పొయ్యి కట్టేసేదాన్ని. అప్పటికీ గింజకు గింజ విడిగా కంచంలో దొర్లేది. మా ఆయన అన్నం కలుపుకుంటూ, "పప్పు వండినావా, నానబెట్టినావా?" అని అడిగేవాడు.

ఇప్పుడున్న ఫ్లాటులో ఆ బాధ లేదు. నిన్న కూడా పప్పు ఇట్టే ఉడికింది. ఎనుపుతూ ఎనుపుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఆ వెంటనే ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. ఆ ఇంటాయన పోయి నెల దాటింది.

ఆయన మా ఇంటి ఓనరు. అనంతపురం అయిపోయి వేరుశనగ చేలు మొదలయ్యే చోట రెండు వాటాల ఇల్లు ఆయనది. ఒక వాటాలో ఆయనా, ఆయన భార్యా. రెండో వాటాలో మేము. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని కాబట్టి ఆమె నాకు వదిన. ఆయన మాత్రం ఆమెను మే అనీ, నన్ను పాపా అనీ పిలిచేవాడు. చెంపల దగ్గర జుట్టు తెల్లబడుతున్న ఆడమనిషిని పట్టుకుని పాపా ఏమిటని మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఎవరైనా మేడం అంటే వెలితిగా అనిపించేది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజే ఆయన అరుగు మీద కూర్చుని అంతా చెప్పేశాడు.

"పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. బకెట్లకు తెల్లగా పెచ్చు కడతాది. తాగేదానికి క్యాను తెచ్చుకోవల్ల. కానీ ఎండాకాలం వీధి వీధంతా బిందెలు పట్టుకొని ట్యాంకరెనకాల ఉరుకుతాంటే నువ్వు కాళ్ళు చాపుకొని కూర్చోవచ్చు. ఇష్టముంటే చేరు పాపా, లేకుంటే నీ ఇష్టం."

"ఉప్పునీళ్ళా అన్నా?" అని అడిగాను.

ఆయన ముఖం మాడిపోయింది. "ఉప్పు కాదు. రవ్వంత మందం" అన్నాడు.

ఆ ఇంట్లో ఉప్పు అనే మాట కూరకూ, చారుకూ తప్ప ఇంక దేనికీ వాడకూడదని నాకు ఆ రోజే అర్థమైంది. బోరు నీళ్ళు మందం. అంతే. పాలు కాస్తే విరిగినా మందం, కుళాయి పట్టేసినా మందం. పంపు మార్చడానికి వచ్చిన ప్లంబరు పైపు లోపల పేరుకున్న తెల్లటి సున్నాన్ని చూపించి, "ఏమప్పా, ఇది పైపా, సుద్దముక్కా?" అంటే కూడా, "మందం నీళ్ళు గదా" అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ మాట ఎట్లా పుట్టిందో వదిన చెప్పింది. వాళ్ళకు కంబదూరు దగ్గర చేను ఉంది. ఆ చేన్లో ఆయన వేయించిన బోర్లన్నీ ఎండిపోయినవే. కొబ్బరికాయను అరచేతిలో నిలబెట్టి నీళ్ళ పాయింటు చూపినవాళ్ళను నమ్మాడు, వేపపుల్ల తిప్పినవాళ్ళను నమ్మాడు. ఎవరిని నమ్మినా పైకొచ్చింది తెల్ల దుమ్మే. చేను కౌలుకిచ్చి టౌనుకొచ్చి ఇల్లు కట్టుకున్నాక, ఇంటి ముందర ఇంకొక్కటంటే ఒక్కటి వేయిస్తానని పట్టుబట్టాడు. వదినది శింగనమల. చెరువున్న ఊరి ఆడబిడ్డ. బోరు మాట ఎత్తితేనే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. అలిగి పుట్టింటికి పోయింది. నీళ్ళు పడ్డాయని కబురొస్తే తిరిగి వచ్చింది.

"నేను ఆటో దిగేసరికి నీళ్ళు మిద్దె ఎత్తున ఎగుస్తాండాయి" అని చెప్పేది వదిన. "ఈయప్ప కింద బురదలో నిలబడుకొని తడుస్తాండాడు. వీధిలో వాండ్లంతా ఈలలు. ఒగ దోసెడు పట్టి నోట్లో పోసుకున్నాడమ్మా. ఇంగ చూడు. మింగలేడు, ఉమ్మలేడు. అందరూ ఈయప్ప మొగమే చూస్తాండారు. మింగినాడు. మింగి, రవ్వంత మందం అన్యాడు."

ఆ దోసెడు నీళ్ళు మింగిన నాటి నుంచి ఆయనకు ఒకటే పట్టుదల. తన బోరుకు చెడ్డపేరు రాకూడదు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఆ నీళ్ళను మంచి నీళ్ళు అంటే చెవులారా వినాలి. చేనంతా తవ్వినా పడని నీళ్ళు ఇంటి ముందు పడితే, ఆ పడినవి కూడా పనికిరానివని వీధి వీధంతా తీర్పు చెప్పేస్తే ఆయన తట్టుకోలేకపోయాడు.

నీళ్ళ మీద వచ్చే ఫిర్యాదుల్ని ఆయన కేసులు అనేవాడు. "నా బోరు మీద ఇంగో కేసు పడింది పాపా" అంటూ వచ్చి మా గడప మీద కూర్చునేవాడు. ఎదురింటామె తన జుట్టు రాలిపోవడానికి ఆ బోరు నీళ్ళే కారణమని వీధిలో చెప్పుకుంటూ ఉండేది. ఎండాకాలంలో ఆ నీళ్ళే మోసుకుపోయేది కూడా ఆమే. "ఆయమ్మ జుట్టు పెండ్లినాటికే అంతంతమాత్రం" అని ఆయన గొణుక్కునేవాడు. గట్టిగా అనే ధైర్యం లేదు. పొద్దున్నే లేచి మోటరు వేసి, ఇనుప పైపుకు చెవి ఆనించి వినేవాడు. మేము చూడకముందే మా బకెట్ల అంచులకు కట్టిన తెల్ల పెచ్చును చింతపండు పెట్టి తోమేవాడు. ఎవరింటికి పోయినా కారుతున్న కుళాయి కనిపిస్తే మాట మధ్యలో లేచి వెళ్ళి కట్టేసి వచ్చేవాడు. ఒకసారి పెళ్ళిలో, అక్షింతలు చేత్తో పట్టుకుని, చేతులు కడుక్కునే చోట కుళాయి కట్టడానికి పోయి తలంబ్రాలు చూడకుండా పోయాడని వదిన ఇప్పటికీ చెబుతుంది.

ఇక చేపల సంగతి.

నాది కరెంటాఫీసులో ఫిర్యాదుల కిటికీ. కరెంటు పోయినవాళ్ళూ, మీటరు గిర్రున తిరుగుతోందనేవాళ్ళూ అంతా వచ్చి నన్నే తిడతారు. నేను ఇంటికొచ్చి మా ఆయన్ని తిడతాను. బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించు, కోపం తగ్గించు అన్నాడు డాక్టరు. ఉప్పు తగ్గింది. ఆఫీసులో ఒకామె, చేపల్ని పెంచుకో, వాటిని చూస్తూ కూర్చుంటే మనసు నెమ్మదిస్తుందని సలహా ఇచ్చింది.

పాతూరులో ఒక చేపల అంగడి ఉంది. దాన్ని నడిపే భాయి మాటకారి. తోకలు ఊపుకుంటూ తిరిగే బంగారు చేపల్ని చూపించబోయాడు గానీ నా కన్ను మూల తొట్టి మీద పడింది. అందులో పసుపుపచ్చవీ నీలంవీ ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

"అవి ఆఫ్రికా చేపలమ్మా, సిక్లిడ్లు అంటారు. రాళ్ళ సందుల్లో పుట్టి పెరిగేవి. రోషం జాస్తి" అన్నాడు భాయి.

"ఎవరి మీద?"

"అందరి మీదా."

నాకు అవే నచ్చాయి. మా ఆయన, "ఇంట్లో ఒకరు చాలరా?" అని భాయితో అన్నాడు. నేను విననట్టు నటించాను.

భాయి అంతా వివరంగా చెప్పాడు. పొడుగాటి తొట్టి కావాలి. మొక్కలు పెట్టొద్దు, పీకి తినేస్తాయి. రాళ్ళను గుహల్లా పేర్చాలి. ముందు రాళ్ళు కుదురుగా పెట్టి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. ఈ చేపలు ఇసుక తవ్వుతాయి కాబట్టి ఇసుక మీద రాయి పెడితే కూలి వాటి నెత్తినే పడుతుంది. నీళ్ళు పోసి, ఫిల్టరు పెట్టి, రోజూ చిటికెడు మేత వేస్తూ కొన్ని వారాలు ఊరికే నడపాలి. అప్పుడు చేపల మురికిని తినే సూక్ష్మజీవులు ఫిల్టరులో పుడతాయి. అవి పుట్టాకే చేపల్ని తేవాలి. చెప్పడమంతా అయ్యాక స్కూటరు దాకా వచ్చి, "నీళ్ళు మాత్రం మంచి నీళ్ళు పొయ్యండమ్మా" అన్నాడు.

మంచి నీళ్ళు. మా ఊళ్ళో ఈ మాటకు ఒక్కటే అర్థం. తాగేవి, క్యానులో వచ్చేవి. బోరులోవి వాడుక నీళ్ళు. గిన్నెలకూ గుడ్డలకూ పనికొస్తాయి గానీ వాటిని ఎవరూ మంచి నీళ్ళు అనరు. కాబట్టి మాకు ఏ అనుమానమూ రాలేదు.

అంత బరువు తొట్టి తన ఇంట్లో పెడుతున్నామంటే ఓనరు ఒప్పుకుంటాడో లేదో అని భయపడ్డాను. ఆయన ఒక్కటే అడిగాడు. "ఎన్ని బిందెల నీళ్ళు పడతాయి?" చెప్పాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. అంతలోనే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నా బోరు నీళ్ళు మాత్రం పొయ్యద్దు పాపా. ఇప్పటికే దాని మీద శానా కేసులుండాయి. రేపు ఒగ చేప సచ్చినా, చేపలు గూడా బతకని బోరని ఎదురింటామె చాటింపేస్తాది. అయినా ఆఫ్రికా నించి వస్తాండాయంటివి. సుట్టాలొస్తే మందం నీళ్ళు ఇస్తామా?"

ఆ సుట్టాల కోసం క్యాన్లు ఆయనే మోశాడు. మోపెడ్ మీద ముందొకటి వెనకొకటి పెట్టుకుని వాటర్ ప్లాంటుకూ ఇంటికీ తిరిగాడు. ప్లాంటతను, "ఏమప్పా, ఇంట్లో పెండ్లా?" అని అడిగాడట.

"లేదప్పా, సుట్టాలొస్తాండారు."

"యాడ్నించి?"

"ఆఫ్రికా."

రాళ్ళు కూడా ఆయనే తెచ్చాడు, కంబదూరు చేన్లోంచి. "ఆ చేన్లో తప్పకుండా పండేవి ఇవే" అని నవ్వాడు. బ్రష్షుతో తోమి, చేను గట్టు కట్టినంత శ్రద్ధగా ఒకదాని మీద ఒకటి పేర్చి, చేత్తో కదిపి చూశాడు. వదిన ఇసుక జల్లెడ పట్టి, నీళ్ళు తేటపడే దాకా కడిగింది. నీళ్ళు పోశాం. ఫిల్టరు గుడగుడమంటూ మొదలైంది.

తర్వాత వారాల తరబడి ఆ తొట్టిలో చేపలు లేవు. అయినా రోజూ సాయంత్రం ఆయన కుర్చీ తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చునేవాడు. వీధిలో వాళ్ళు వచ్చి, చేపలేవీ అని వెతికి, ఏమీ లేవని తెలిసి, ఈయనకు మతి పోయిందని వెళ్ళిపోయేవాళ్ళు. నేనూ ఒకసారి విసుక్కున్నాను. "ఖాళీ తొట్టిలో ఏముంది అన్నా అంతగా చూసేదానికి?"

"ఖాళీ యాడుంది పాపా, నిండా నీళ్ళుంటే" అన్నాడు. "మా చేన్లో ఒగ బావి ఉండె. మా నాయన కాలంలో దాంట్లో నీళ్ళు ఇట్లే కనపడుతాండె, అడుగున రాళ్ళతో సహా. ఇన్ని నీళ్ళు ఒగచోట నిలబడింది చూసి శానా దినాలాయ."

ఆ తర్వాత నేను కూడా ఇంకో కుర్చీ వేసుకున్నాను. చేపలు రాకముందే నా బీపీ కొంచెం తగ్గింది.

చేపలు వచ్చాయి. పచ్చవి, నీలం చారలవి. తక్కువ వేస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయనీ, గుంపుగా వేస్తే ఎవరిని కొట్టాలో తెలీక గమ్మున ఉంటాయనీ భాయి గుంపునే ఇచ్చాడు. ఆ మాట చెబితే ఆయన, "మన వీధి మాదిరే" అన్నాడు. కొన్నాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత రంగు తగ్గడం మొదలైంది. రెక్కలు దగ్గరికి ముడుచుకుని రాళ్ళ మధ్య కూర్చున్నాయి. మేత వేస్తే చూసి ఊరుకున్నాయి. ఒకనాటి పొద్దున ఒక పచ్చ చేప చచ్చి పైకి తేలింది.

ఆయన్ని పిలిచాను. వచ్చి చూశాడు. ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట ఇది: "చూసినావా పాపా, దీంట్లో నా బోరు తప్పేం లేదు."

ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసింది. చిన్న వలతో చేపను తీసి, జామచెట్టు మొదట్లో గుంత తీసి పెట్టి, చేతులు కడుక్కోకుండానే అక్కడ కూర్చుండిపోయాడు. "మంచి నీళ్ళు పోసినా బతకలేకపాయనే" అన్నాడు. నాకు కూడా ఏడుపొచ్చింది. చేపకోసమా, ఆయన మొహం చూసినందుకా అంటే చెప్పలేను.

తొట్టిలో నీళ్ళు సీసాలో పట్టుకుని ఇద్దరం నా స్కూటరు మీద భాయి దగ్గరికి పోయాం. వెనక కూర్చుని దారంతా ఆయన ఆ సీసాను ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. భాయి ఆ నీళ్ళలో ఏదో చుక్క వేసి ఊపాడు. నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. భాయి తల పట్టుకున్నాడు.

"ఏం నీళ్ళమ్మా ఇవి?"

"నువ్వు చెప్పినవే భాయి. మంచి నీళ్ళు. క్యానువి."

"యా అల్లా! క్యాను నీళ్ళా? వాటిలో ఏముంటాదమ్మా, అంతా వడగట్టి పారేస్తారు. ఆఫ్రికాలో వీటి చెరువు అంతా రాళ్ళు. ఆ నీళ్ళు గట్టివి, సున్నం పట్టే నీళ్ళు. మంచి నీళ్ళంటే వీటికి మంచివని చెప్పినా గానీ మీరు తాగేవి పొయ్యమన్నానా?" కొంచెం గొంతు తగ్గించాడు. "నేను గూడా తప్పే చెప్పినాలే. సరిగ్గా చెప్పింటే సరిపోయేది. ఇంట్లో బోరుందా?"

నేను ఓనరు వైపు చూశాను. ఆయన భాయి అంగడి పైకప్పు వైపు చూస్తున్నాడు.

"ఉంది" అన్నాను.

"ఆ నీళ్ళతో పప్పు ఉడుకుతాదా?"

"ఉడకదు."

"సబ్బు నురగ?"

"రాదు."

"బకెట్లకు తెల్లగా పెచ్చు కడతాదా?"

"పైపులే పూడిపోతాయి భాయి."

ఒక్కో జవాబుకూ భాయి ముఖం వెలుగుతోంది, ఆయన తల కిందికి వంగుతోంది. తన బోరు మీదున్న కేసులన్నీ ఎవరో వరసగా చదివి వినిపిస్తున్నట్టు కూర్చున్నాడు పాపం. భాయి ఆ నీళ్ళు చూడందే ఏమీ చెప్పనన్నాడు. ఆయన లేచి, ఆటో ఎక్కి ఇంటికి పోయి, ఇంకో సీసా తెచ్చాడు. భాయి చుక్క వేసి ఊపాడు. నీళ్ళు నెమలికంఠం రంగుకు తిరిగాయి. సీసాను వెలుతురుకు పట్టి భాయి అరిచాడు.

"ఇవమ్మా మంచి నీళ్ళంటే! ఇట్లాటి నీళ్ళ కోసరం బెంగళూరోళ్ళు పొడులు కొని కలుపుతాండారు. ఇంట్లో ఇంత మంచి నీళ్ళు పెట్టుకొని క్యాన్లు మోస్తారా ఎవరన్నా?"

ఆయన ముందుకు వంగాడు. "ఏమన్యావు భాయి?" అన్నాడు.

"క్యాన్లు ఎందుకు మోస్తిరి అంటాండా."

"అది కాదు. ముందరిది."

"మంచి నీళ్ళు అన్యా."

"ఇంగోసారి చెప్పు" అన్నాడు. భాయి నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. భాయి ఇంకోసారి చెప్పాడు, గట్టిగా, అంగడిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేటట్టు.

ఒక్కసారిగా నీళ్ళు మార్చొద్దు, కొంచెం కొంచెంగా కలపమన్నాడు భాయి. ఆయన మెడికల్ షాపులో సెలైన్ పైపు కొనుక్కొచ్చాడు. కిటికీ ఊచకు బోరు నీళ్ళ డబ్బా వేలాడదీసి, పైపు చివర తొట్టిలో వదిలి, చిన్న చక్రం తిప్పుతూ ఒక్కో చుక్కా పడనిచ్చాడు. "ఎక్కిస్తాండాం పాపా" అన్నాడు రోగి పక్కన కూర్చున్న బంధువులా. వదిన గడపలోంచి, "నాకు జరమొచ్చినప్పుడు గూడా ఇంతసేపు పక్కన కూర్చోలేదు ఈయప్ప" అంది. రోజులు గడిచేకొద్దీ పచ్చవి పచ్చబడ్డాయి. నీలంవి రెక్కలు విప్పాయి. మేత వేస్తే నా వేలు కొరకబోయాయి. అవి మళ్ళీ కొట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజు ఆయన వీధిలో చాక్లెట్లు పంచాడు.

అన్నిట్లోకీ పెద్ద నీలం చేపకు ఒక పిచ్చి ఉండేది. నోటితో ఇసుక తీసి దూరంగా ఉమ్మేది, గుంత తవ్వేది. ఒకచోట అయ్యాక ఇంకోచోట. ఆయన దాన్ని చూసి పడీపడీ నవ్వేవాడు. "ఈయప్ప గూడా పాయింటు చూసి బోరేస్తాండాడు పాపా. నీళ్ళల్లో ఉండి నీళ్ళకోసరం తవ్వుతాండాడు! ఒరేయ్ నాయనా, చాలించరా, నేను తవ్వింది చాలదా?" అని అద్దం మీద తట్టేవాడు. తన ఎండిపోయిన బోర్ల గురించి ఆయన నవ్వుతూ మాట్లాడగా వినడం నాకు అదే మొదలు.

తర్వాత ఒక పచ్చ ఆడచేప తిండి మానేసింది. మళ్ళీ నీళ్ళ తప్పేమోనని ఆయన కంగారుపడ్డాడు. భాయికి ఫోను చేస్తే నవ్వాడు. అది గుడ్లు నోట్లో పెట్టుకుందట. పిల్లలయ్యే దాకా నోట్లోనే దాచుకుంటుందట, అన్నాళ్ళూ తిండి తినదట. వదిన వచ్చి అద్దం దగ్గర వంగి చూసింది. ఆ చేప గొంతు ఉబ్బి ఉంది, దవడలు బిగపట్టి ఉంది.

"అచ్చం నీ మాదిరే ఉండాదప్పా" అంది మొగుడితో. "మింగలేదు, ఉమ్మలేదు."

ఎక్కడ నొచ్చుకుంటాడో అని నేను ఆయన వైపు తిరిగాను. ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూసి, కుర్చీ కిందపడేంతగా నవ్వాడు.

పిల్లలు పుట్టాయి. గోరంత పచ్చవి, రాళ్ళ సందుల్లో. మా బోరు నీళ్ళల్లో పుట్టినాయి అని ఆయన కనపడిన ప్రతివాడికీ చెప్పాడు, ఈ ఊరి చేపలే అన్నాడు. పెద్దయ్యాక వీధిలో అడిగినవాళ్ళకు ఇచ్చాడు. చేపతోపాటు ఒక బిందె బోరు నీళ్ళు కూడా. చేప కావాలంటే నీళ్ళు తీసుకోవాల్సిందే, అదీ షరతు. మెల్లగా వీధిలో చాలా ఇళ్ళల్లో తొట్లు వెలిశాయి. ఆఖరికి ఎదురింటామె కూడా సీసా పట్టుకుని వచ్చింది. ఆయన అరుగు దిగలేదు.

"ఏం కావల్లమ్మా?"

"రవ్వన్ని నీళ్ళన్నా. చేపలకు."

"ఏం నీళ్ళు?"

"బోరు నీళ్ళు."

"ఎట్లాటి నీళ్ళు?"

ఆమె నా వైపు చూసింది, వదిన వైపు చూసింది. ఇద్దరం ఏమీ తెలీనట్టు ఆకాశం చూశాం. "మంచి నీళ్ళేలే అన్నా, పట్టియ్యి" అంది చివరికి. ఆయన లేచి సీసా కడిగి, తనే పట్టి, మూత బిగించి, గేటు దాకా తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ సాయంత్రమంతా ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు. ఏ పాటో తెలిసేది కాదు, ఆయనకు ఈల రాదు.

మేము ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాక కూడా చేపల నీళ్ళ కోసం ఆ ఇంటికి బిందె పట్టుకుని పోతూనే ఉన్నాను. ఫ్లాటు నీళ్ళు పప్పుకు మంచివి గానీ చేపలకు కావు. వెళ్ళినప్పుడల్లా ఆయన, "మీ నీళ్ళు ఎట్లుండాయి పాపా?" అని అడిగేవాడు. "పల్చన అన్నా" అనేదాన్ని. ఆ జవాబు కోసమే అడిగేవాడని నాకు తెలుసు.

పోయాడని తెలిసి వెళ్ళిన రోజు జనం మధ్య వదినతో మాట్లాడే వీలు దొరకలేదు. కొన్నాళ్ళాగి, నీళ్ళకని బిందె పట్టుకునే వెళ్ళాను. ఒట్టి చేతులతో వెళ్ళడానికి మనసొప్పలేదు. వదిన అరుగు మీద, ఆయన కూర్చునే చోట కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమే చెప్పింది.

"పోయిన దినం పొద్దున కండ్లు తెరిచి నీళ్ళడిగినాడు. మంచి నీళ్ళు అన్యాడు. క్యానువి చెంచాతో పోస్తే పెదాలు బిగపట్టుకున్యాడు. మా తమ్ముడు ఉరికి పోయి కొత్త క్యాను తెచ్చె. అదీ వద్దన్యాడు. మంచి నీళ్ళు, మంచి నీళ్ళు అని ఒగటే మాట. అప్పుడు తెలిసొచ్చె నాకు. పోయి మోటరేసి చెంబులో పట్టుకొచ్చినా."

"తాగినాడా?"

"ఒగ గుక్క పోసినా. మింగలేడు, ఉమ్మలేడు. అప్పటి మాదిరే నా మొగం చూసినాడు. మింగినాడు. మింగి..."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని చెయ్యి పట్టుకున్నాను. నవ్వుతోంది.

"'ఉప్పేలే మే' అన్యాడు."

ఇద్దరం నవ్వాం. కళ్ళ నీళ్ళు కారేట్టు, అరుగు మీద ఒకరిమీద ఒకరు పడి నవ్వాం. ఎదురింటామె సీసా పట్టుకుని గేటు తీయబోయి, మనిషి పోయిన ఇంట్లో ఈ నవ్వేమిటా అని అక్కడే నిలబడిపోయింది. వదిన కళ్ళు తుడుచుకుని లేచి, మోటరు వేసి, పైపుకు చెవి ఆనించి ఒక నిమిషం విన్నది.

"బిందె పెట్టుమ్మా" అంది. "మంచి నీళ్ళొస్తాండాయి."